పదికి పది

మా సందులో జిప్పుల అత్తకి కోపం వస్తే సూది తీసి నోట్లో పెట్టుకునేది. నోట్లో సూది ఉంటే మాట జారదని ఆవిడ నమ్మకం. సూది పెట్టుకున్నా కళ్ళతో తిట్టగలిగేది, అది వేరే సంగతి. ముప్ఫై ఏళ్ళు సందు మొదట్లో ఓ ముక్కాలిపీట మీద కూర్చుని బ్యాగుల జిప్పులు, గొడుగు పుల్లలు, చెప్పుల వార్లు బాగుచేస్తూ బతికింది. నేను ఆవిడకి మేనకోడల్నేం కాదు. ఆ సందులో ఉన్న చిన్నాపెద్దా అందరికీ ఆవిడ అత్తే. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాడైన లాండ్రీ బాబాయి కూడా "అత్తా" అనే పిలిచేవాడు.

ఆవిడ గురించి రాయాలని కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతోంది. చల్లారాక రాయమని మా ఆయన సలహా ఇచ్చాడు. చల్లారితే నేను రాయను. అందుకే ఇలాగే రాస్తున్నాను.

మా మేడ మూడంతస్తులది, ఊరి నడిబొడ్డున ఉండేది. ఒక పక్క పెద్దాసుపత్రి వెనక గేటు, ఇంకో పక్క బస్సుస్టాండు. ఈ రెంటికీ మధ్య అడ్డదారి మా సందు. మేడ కింద నా టైపింగు, జిరాక్సు కొట్టు. పైన గదికో కుటుంబం. పెచ్చులూడిన గోడలు, అంతస్తుకో కొళాయి, వాన వస్తే డాబా మీద బట్టల కోసం ఆడవాళ్ళందరూ ఒక్కసారే పరుగు. అద్దె మాత్రం మాలాంటివాళ్ళు కట్టగలిగేంతే. మా సందు నగరపాలక సంస్థ వాళ్ళ వెనకబడిన వీధుల జాబితాలో ఉండేది. ఆ జాబితాలో ఉన్న సందుల్లో ఇంటాయన ఇష్టమొచ్చినట్టు అద్దె పెంచకూడదు, ఖాళీ చెయ్యమనకూడదు. పేదవాళ్ళు ఊరి మధ్యలో బతకాలని ఎప్పుడో ఎవరో మంచి మనిషి పెట్టిన రూలు. అలాంటి జాబితా ఒకటుందని మాలో సగం మందికి తెలియదు. మన నెత్తి మీద కప్పు ఎవరు మోస్తున్నారో అది కూలేదాకా తెలుసుకోం కదా.

అత్త, ఆవిడ అక్క రెండో అంతస్తు చివరి గదిలో ఉండేవారు. అక్కకి చూపు పోయి పన్నెండేళ్ళయింది. చూపు పోయినా ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. గోడకి వేళ్ళు ఆనించుకుని కొళాయికి వెళ్ళేది, డాబా ఎక్కి బట్టలారేసేది, కిందికి దిగి నా కొట్లో స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. ఎవరి గుమ్మం ఎక్కడ మొదలవుతుందో, ఏ గుమ్మం ముందు పూలకుండీ ఉందో ఆవిడ వేళ్ళకి తెలుసు. ఎవరైనా దారిలో సైకిలు అడ్డం పెడితే "ఎవడ్రా పెట్టింది? కళ్ళు కనపడవా?" అని అరిచేది. ఆ మాట ఆవిడ నోటినుంచి వినాలనే మా ఆయన ఒకట్రెండుసార్లు కావాలని పెట్టాడు.

పదమూడేళ్ళ కిందట మా సందు మంచిది కాదు. పొద్దుగూకితే చాలు, పర్సులు లాక్కునేవాళ్ళు, గొలుసులు తెంపేవాళ్ళు, గోడకానుకుని ఈలలు వేసేవాళ్ళు. ఆసుపత్రిలో ఆడవాళ్ళకి ఏడు గంటలకి డ్యూటీ మారుతుంది. వాళ్ళు మా సందులోంచి రాలేక పెద్దరోడ్డు చుట్టూ తిరిగి బస్సులకి వెళ్ళేవారు. ఒక రోజు ఓ నర్సు చేతికి కట్టుతో అత్త దగ్గరికొచ్చింది. ఎవడో బ్యాగు లాగితే ఆ అమ్మాయి వదల్లేదు. వారు తెగింది, మోచెయ్యి చీరుకుపోయింది. అత్త ఆ వారు కుట్టి ఇచ్చి, డబ్బులు తీసుకోకుండా, సూది నోట్లో పెట్టుకుంది.

ఆ సాయంత్రమే గుమ్మం గుమ్మం తిరిగింది. వీధి దీపాల కోసం అర్జీ టైపు చెయ్యనా అని నేనడిగితే, "చెయ్యి. వాళ్ళు వెలిగించేలోపు మనం వెలిగిద్దాం" అంది. ఇంటికో బల్బు సందులోకి. కరెంటు ఎవరి మీటరుది వాళ్ళదే. లాండ్రీ బాబాయి నిచ్చెన వేసుకుని తీగలు కట్టాడు. తర్వాత అత్త మాకందరికీ ఓ పని నేర్పింది. చీకటి పడ్డాక ఒంటరి ఆడమనిషి సందులోకి అడుగుపెడితే, మొదట్లో కూర్చున్న అత్త గట్టిగా "పిల్ల వస్తోంది!" అనేది. మధ్యలో ఇస్త్రీ చేస్తున్న బాబాయి "చూశా!" అనేవాడు. చివర టీకొట్టు వదిన "దాటింది!" అనేది. ఈ మూడు మాటలే. పోలీసులూ లేరు, కెమెరాలూ లేవు. ఓసారి ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ ఆగి, "నేను పిల్లనేంటమ్మా, వచ్చే ఏడాది రిటైరవుతున్నా" అంది. "మా సందు దాటేదాకా పిల్లవే, నడువు" అంది అత్త.

ఏడాదిలో ఈలలు వేసేవాళ్ళు వేరే చోటు వెతుక్కున్నారు. పదేళ్ళలో ఒక్క పర్సు పోలేదు. మేం అర్జీ పెట్టిన వీధి దీపాలు మాత్రం ఇప్పటికీ రాలేదు.

అలాంటి సందులోకి ఒక మధ్యాహ్నం మెడలో కార్డు, చేతిలో టాబ్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. నగరపాలక సంస్థ తరఫున సర్వే. వీధుల్లో భద్రత గురించి, ఇళ్ళ గురించి జనం ఏమనుకుంటున్నారో రాసుకుంటుందట. "మీ వీధిలో భయం లేకుండా తిరగగలుగుతున్నారా? ఒకటి నుంచి పది లోపు మార్కు చెప్పండి" అని అడిగింది. మార్కు అనే మాట వినగానే అత్త నడుము నిటారు చేసింది. ఆవిడకి అది బడికి ఇన్‌స్పెక్టరు వచ్చినట్టనిపించింది. పీట మీంచి లేచి, ఆ అమ్మాయి వెంట తనే గదిగదికీ బయల్దేరింది. నాలుగడుగులు ముందు నడుస్తూ, ప్రతి గుమ్మంలోనూ తల పెట్టి చెప్పింది.

"చూడండి, పదికి పది చెప్పండి. మన సందు పరువు తియ్యకండి."

లాండ్రీ బాబాయి గొణిగాడు. "ఆ మురిక్కాలవ మీద బండ విరిగి ఆర్నెల్లయింది. ఆరు మార్కులు చాలు."

"బండ సంగతి మనం మనం చూసుకుందాం. బయటినుంచి వచ్చిన పిల్ల ముందు ఇంటి గుట్టు విప్పుతావా?" అంది అత్త.

బాబాయి పది చెప్పాడు. అందరూ పదే చెప్పారు. "ఇల్లు ఎలా ఉంది?" అంటే "బ్రహ్మాండంగా ఉంది" అన్నారు, తల మీద పెచ్చులు రాలుతుండగా. అక్కనడిగితే, "నాకు కళ్ళు లేవమ్మా, అయినా ఒక్కదాన్నే వీధిలోకి దిగుతాను. ఇంకేం చెప్పాలి, పదకొండు వేసుకో" అంది. ఇంటికొచ్చినవాళ్ళ ముందు చిరిగిన దుప్పటి మంచం కిందికి తోసేసే జాతి మనది. పదిమంది అర్జీలు టైపు చేసే నేను కూడా ఈ మార్కులు దేనికని అడగలేదు. పది చెప్పి, పైగా ఆ అమ్మాయికి చల్లటి నీళ్ళిచ్చాను.

నలభై రోజులకి ఉత్తరాలొచ్చాయి. మా సందు "మెరుగుపడిన వీధి" అయిందట. భద్రతలో జనమే నూటికి నూరు మార్కులిచ్చారు కనక జాబితాలోంచి తీసేశారట. ఆ వారమే మా ఇంటాయన దిగాడు. ఏడేళ్ళలో ఆయన మొహం మేం చూడలేదు. టేపు పట్టుకుని గోడలు కొలిచాడు. అద్దె రెండింతలకి పైనే చెప్పాడు. "ఊరి మధ్యలో ఇంత భయం లేని వీధి ఇంకెక్కడుందమ్మా? దానికి తగ్గ రేటుంటుంది కదా" అన్నాడు. మా బల్బులు, మా కరెంటు, మా గొంతులు. దాని రేటు మా దగ్గరే వసూలు చేస్తాడట. కట్టలేకపోతే మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలట.

అత్త, నేను నగరపాలక సంస్థ ఆఫీసుకి వెళ్ళాం. ఫైలు తెచ్చిన గుమాస్తా చెడ్డవాడేం కాదు, విసుక్కోలేదు కూడా. "మీరే చెప్పారు కదమ్మా, పదికి పది" అని కాగితం మా వైపు తిప్పాడు.

"బాగున్నామని చెప్తే వెళ్ళగొడతారని ఎవరు చెప్పారు బాబూ?" అంది అత్త.

"అభ్యంతరం పెట్టుకోండి. పదిహేను రోజుల్లో మా ఇన్‌స్పెక్టరు సాయంత్రం పూట వచ్చి చూస్తాడు. వీధి ప్రమాదంగా ఉందని రాస్తే మళ్ళీ జాబితాలో చేరుస్తాం."

తిరిగొచ్చి బస్సు దిగి సందులోకి అడుగుపెట్టగానే అత్త, "అక్కని ఎక్కడికి తీసుకుపోను? ఈ గోడలు లేకపోతే దానికి నిజంగా కళ్ళు పోతాయి. పదీ పదీ అని తిరిగింది నేనే" అంది.

ఆదివారం డాబా మీద అందరం కూడాం. తలా ఒక మాట. అద్దె తగ్గించమని ఇంటాయన కాళ్ళు పట్టుకుందామని ఒకరు, కోర్టుకి పోదామని ఒకరు. చివరికి బాబాయి లేచాడు. "వాళ్ళకి ప్రమాదం కావాలి. అంతేగా? పదిహేను రోజులు బల్బులు తీసేద్దాం. కేకలు మానేద్దాం. ఇన్‌స్పెక్టరు వచ్చి చీకట్లో కాలు మడత పడితే వాడే రాసుకుంటాడు" అన్నాడు. నవ్వాం. నవ్వుతూనే ఒప్పుకున్నాం. అందరూ అత్త వైపు చూశారు. ఆవిడ సూది నోట్లో పెట్టుకుని, తలూపింది.

మర్నాటినుంచి సందు చీకటి. అత్త ఆరింటికే పీట తీసుకుని పైకి వచ్చేసేది. రెండో రోజు అక్క నా కొట్లో కూర్చుని అడిగింది. "ఏమే, సాయంత్రం ఎవరూ అరవడం లేదేం? ఆసుపత్రి మూసేశారా?" నేను జిరాక్సు మిషను చప్పుడులో వినపడనట్టు నటించాను. అలా నటించినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

నాలుగో రోజు ఏడున్నరకి సందులోంచి కేక వినిపించింది. కొత్తగా నర్సు ట్రైనింగుకి చేరిన అమ్మాయి. ఈ సందు మంచిదని తోటివాళ్ళు చెబితే నమ్మి వచ్చింది. వెనక ఇద్దరు నవ్వుతూ నడిచి వస్తుంటే భయపడి పరుగెత్తింది, విరిగిన బండ దగ్గర కాలు జారి కాలవలో పడింది. మేం దీపాలు పట్టుకుని దిగేసరికి ఆ ఇద్దరూ లేరు. అమ్మాయి మణికట్టు విరిగింది. ఏడుస్తూ కూడా బ్యాగు కోసం వెతుక్కుంటోంది. దొరికిన బ్యాగు జిప్పు ఊడిపోయి ఉంది. అత్త ఆ బ్యాగుని కాసేపు చేతుల్లో పట్టుకుని నిలబడింది.

తర్వాత పైకెళ్ళి స్టూలు తెచ్చుకుని, అరవై ఏళ్ళ మనిషి, దాని మీదికెక్కి తన బల్బు తనే పెట్టింది. పక్కింటి గుమ్మం ముందుకి స్టూలు లాక్కుంటుంటే బాబాయి అడ్డం వచ్చాడు.

"ఇంకో పది రోజులు అత్తా. కాలవలో పడిన పిల్లని చూపిస్తే మనకి ఇంకా బలం."

"ఆ పిల్ల చెయ్యి విరిగితే నీకు బలమా?"

"నా ఇంట్లో ముగ్గురు మనవలున్నారు! నీ మంచితనానికి మేమందరం రోడ్డున పడాలా?"

"నా గది నీ గది పక్కనే ఉంది. రోడ్డున పడితే నేనూ పడతాను, కళ్ళు లేనిదాన్ని వెంటేసుకుని. తప్పుకో."

బాబాయి తప్పుకోలేదు. ఆవిడ ఆయన్ని చుట్టి వెళ్ళి బల్బు పెట్టింది. ఆ రోజునుంచి మేడలో చాలామంది ఆవిడతో మాటలు మానేశారు. నిజం చెప్పాలి, వాళ్ళలో నేనూ ఉన్నాను. నా కొట్టు, నా గది, నా పిల్లల బడి అన్నీ అక్కడే మరి. తప్పు ఆవిడ మీద తోసేస్తే తేలిగ్గా ఉండింది. అసలు తప్పు ఎవరిదో అప్పటికి ఆలోచించలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకి సందంతా వెలుగు. ఒక్కో బల్బూ మళ్ళీ ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోలేదు. ఆయన ఏడింటికి వచ్చి అటూ ఇటూ నడిచాడు. ఆసుపత్రి అమ్మాయి ఒకర్తి దాటింది. "పిల్ల వస్తోంది!" అంది అత్త. మధ్యలోంచి జవాబు రాలేదు. అత్త మళ్ళీ అంది. అప్పుడు ఇస్త్రీపెట్టె ఠపీమని బల్ల మీద పెట్టి, బాబాయి "చూశా!" అని అరిచాడు, తిట్టినట్టుగా.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "చాలా బాగుందమ్మా మీ వీధి."

"బాగుంది. అబద్ధం చెప్పను. కానీ దానంతటదే బాగుపడలేదు, మేం బాగుచేశాం. మమ్మల్ని తీసేస్తే ఏముంటుంది ఇక్కడ? బాగుచేసినవాళ్ళకి ఇల్లుండాలని మీ కాగితంలో ఎక్కడైనా ఉందా?"

ఆయన పాపం కాగితం రెండువైపులా చూశాడు. "ఆ కాలమ్ లేదమ్మా" అన్నాడు. తర్వాత "వెలుతురు సంతృప్తికరం" అని రాసుకుని వెళ్ళిపోయాడు.

సంతృప్తికరం! పడి చెయ్యి విరిగితే ఇల్లు ఇస్తారట, పడకుండా చూసుకుంటే తీసేసుకుంటారట. దీన్ని రూలు అని రాసుకున్నవాడు తన ఇంట్లో పిల్లల్ని ఎలా పెంచుతాడో నాకొకసారి చూడాలనుంది.

మూడు నెలలకి మేడ ఖాళీ అయింది. బాబాయి వియ్యంకుడి ఊరికి పోయాడు. వెళ్ళేముందు అత్త చీరలు నాలుగూ ఇస్త్రీ చేసి ఇచ్చి వెళ్ళాడు. నేను పెద్దరోడ్డు మీద ఇంకొకరి జిరాక్సు కొట్లో జీతానికి చేరాను. మేడని లోపలంతా పగలగొట్టి ఫ్లాట్లు చేశారు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళ భద్రత కోసమని టీకొట్టు తీయించారు, సందు మొదట్లో పీట వెయ్యకూడదని బోర్డు పెట్టారు, కెమెరాలు బిగించారు. ఆ కెమెరాల్లో ఒక్కటి కూడా ఇంతవరకు "చూశా" అనలేదు.

అత్తకీ అక్కకీ ఊరి బయట చవక ఇళ్ళ కాలనీలో గది దొరికింది. చవకే, కాదనను. రెండు బస్సులు మారి, ఆపైన నడవాలి. నాలుగో అంతస్తు. వరండాకి రెండు పక్కలా ఒకే రంగు గోడలు, ఒకేలాంటి ఇరవై తలుపులు. మొదటి వారం అక్క గోడ పట్టుకుని బయల్దేరి, తిరిగొచ్చి, వేరేవాళ్ళ తలుపు తోసింది. వాళ్ళు దొంగనుకుని అరిచారు. ఆ తర్వాత ఆవిడ గది దాటలేదు. అక్కడ జిప్పు ఊడితే ఎవరూ బాగుచేయించుకోరు, పిన్నీసు పెట్టుకుంటారు.

పోయిన నెల మా కొట్టుకి జిరాక్సుకని ఒక కట్ట వచ్చింది. నగరపాలక సంస్థ కాగితాలు. పైకాగితం మీద మా సందు పేరు కనపడితే నిలబడే చదివాను. మళ్ళీ సర్వే చేశారట. ఫ్లాట్లవాళ్ళు తెలివైనవాళ్ళు, పరువు పట్టింపు లేనివాళ్ళు, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. చీకటి పడితే సందులో మనిషన్నవాడు కనపడడు, రెండుసార్లు పర్సులు పోయాయి, ఆసుపత్రి ఆడవాళ్ళు చుట్టూ తిరిగి పోతున్నారు. పదికి నాలుగు. కనక ఆ వీధిని తిరిగి జాబితాలో చేర్చడమైనది. ఇకమీదట అక్కడ అద్దెలు పెంచరాదు, అద్దెకున్నవారిని ఖాళీ చేయించరాదు.

ఎవరిని? మిషను మూత వేసి ఒక్క నిమిషం కూర్చున్నాను. ఎవరినని అడగడానికి అక్కడ గుమాస్తా కూడా లేడు. వంద కాపీలు తీసి ఇచ్చాను. ఒకటి మాత్రం మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను.

ఆదివారం కాలనీకి వెళ్ళాను. అక్క మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. చాలా చిక్కిపోయింది. అత్త నేల మీద కూర్చుని ఎవరిదో పాత గొడుగు విప్పుతోంది. ఆవిడ చేతికి కాగితమిచ్చి, ఆవిడ చదువుకోలేదు కనక నేనే గొంతు తగ్గించి చెప్పాను. నాలుగు మార్కులు, మళ్ళీ జాబితా, ఇక ఎవరూ ఖాళీ చేయించడానికి వీల్లేదు. అత్త సూది కోసం చెయ్యి చాచింది. పెట్టుకోలేదు. "వాళ్ళకా?" అంది. "నెత్తి మీద కప్పు వాళ్ళకిచ్చారా?" ఆవిడ గొంతు అంత పెద్దగా లేవడం నేనెప్పుడూ వినలేదు. పక్క గదిలో ఎవరో తలుపు తీసి చూశారు.

నేను గొంతు తగ్గించాననుకున్నాను కానీ, అక్క చెవులు పాముచెవులు. ఆవిడ మా వైపు తిరిగింది. ఆవిడ మొహంలోకి ఏడాదిన్నరలో ఎప్పుడూ లేనంత వెలుగొచ్చింది.

"జాబితాలో పెట్టారా? మన సందునే?"

"అవును పెద్దమ్మా, కానీ..."

"అయితే ఇంక మనల్ని ఎవరూ వెళ్ళమనరన్నమాట." అక్క కాళ్ళు మంచం మీంచి కిందికి దించి, చెప్పుల కోసం పాదాలతో వెతకడం మొదలుపెట్టింది. "ఏమే, ఇంకా ఆ గొడుగు పట్టుకుని కూర్చున్నావేం? లే, బస్సు వెళ్ళిపోతుంది."